ఒక్క బొమ్మ ముందు పావుగంట

ప్రశ్న: మాస్టారూ, దసరా వెళ్ళాక న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. న్యూయార్కులో విట్నీ అనే అమెరికన్ బొమ్మల మ్యూజియం చూపిస్తానంటోంది. నాకు ముగ్గులు తప్ప బొమ్మల సంగతి తెలియదు. అక్కడ ఏమీ అర్థం కాకపోతే అమ్మాయి చిన్నబుచ్చుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. పైగా మోకాళ్ళ నొప్పులు.
ఒక సోదరి, అమలాపురం

జవాబు: అమ్మా, చుక్కకీ చుక్కకీ ఎంత ఎడం ఉండాలో కంటితోనే కొలిచే మనిషి మీరు. ఆ కన్ను చాలు. నిక్షేపంగా వెళ్ళండి.

మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నేనూ ఆ మ్యూజియం చూశాను. మొదటి గంటంతా ప్రతి బొమ్మ ముందూ ఆగడం, పక్కనున్న చీటీ చదవడం, కదలడం. తల తిరిగిపోయింది. చివరికి ఎడ్వర్డ్ హాపర్ 1930లో వేసిన ‘ఎర్లీ సండే మార్నింగ్’ దగ్గర ఆగిపోయాను. సుమారు ఐదడుగుల వెడల్పు బొమ్మ. వరసగా మూసిన కొట్లు, వాటి మీద మేడ కిటికీలు, వీధిలో మంగలి షాపు గుర్తుగా పెట్టిన చారల స్తంభం. ఎండ ఏటవాలుగా పడి నీడలు పొడుగ్గా సాగాయి. ఒక్క మనిషి లేడు. పాలకొల్లులో పనిచేసిన రోజుల్లో తెల్లవారి బస్సుకు బజారు మీదుగా నడిచేవాణ్ణి. షట్టర్లన్నీ దించి, అచ్చం అలాగే ఉండేది. హాపర్ మొదట పై కిటికీలో ఒక మనిషిని వేసి, తర్వాత రంగు పూసి కప్పేశాడట. అది తెలిశాక ఒక్కో కిటికీలో వెతుకుతూ పావుగంట నిలబడ్డాను. మా వాడు తొందరపెట్టినా కదల్లేదు.

జాస్పర్ జాన్స్ 1958లో వేసిన ‘త్రీ ఫ్లాగ్స్’ దూరానికి ఉత్త జెండాలాగే ఉంటుంది. పక్కనుంచి చూడండి. మూడు కాన్వాసులు ఒకదాని మీద ఒకటి, పెద్దది అడుగున, చిన్నది పైన. రంగును వేడి మైనంలో కలిపి వేశాడు. అక్కడ బొమ్మలు మారుస్తూ ఉంటారు కాబట్టి ఏవి గోడ మీదున్నాయో అమ్మాయిని ముందే వెబ్‌సైట్లో చూడమనండి.

ఆ మ్యూజియం పెట్టిన గెర్ట్రూడ్ విట్నీ స్వయంగా శిల్పి. తాను పోగుచేసిన 500కి పైగా అమెరికన్ కళాఖండాలను 1929లో మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఊరికే ఇస్తానంటే వాళ్ళు వద్దన్నారు. ఆవిడ తనే మ్యూజియం స్థాపించి, 1931లో తలుపులు తెరిచారు. దాచేవాళ్ళుంటేనే బొమ్మ మిగులుతుందమ్మా. మన దామెర్ల రామారావు గారు 1925లో 28వ ఏట మశూచితో పోయారు. రాజమండ్రిలో ఆయన పేరున గ్యాలరీ ఉండబట్టే నాబోటివాళ్ళం ఆ బొమ్మలు కళ్ళారా చూశాం. ప్రయాణానికి ముందు రావులపాలెం మీదుగా వెళ్ళి ఒక పూట అక్కడ గడపండి. ఒక్క బొమ్మ ముందే చాలాసేపు నిలబడడం అక్కడ అలవాటవుతుంది.

మోకాళ్ళ గురించి భయపడకండి. వీల్‌చైర్ అడిగితే ఇస్తారు, డబ్బు తీసుకోరు. లిఫ్టులో 8వ అంతస్తుకు వెళ్ళి ఒక్కొక్కటే దిగుతూ రండి. అలసిపోతే డాబా మీదికి వెళ్ళండి, హడ్సన్ నది కనిపిస్తుంది. మీరు వెళ్ళేనాటికి అక్కడ చలిగాలి మొదలవుతుంది, శాలువా మర్చిపోకండి.