పందిరి నుంచి పీపా దాకా

ప్రశ్న: దేవరకొండ ప్రాంతంలో మాకు నాలుగెకరాల థాంప్సన్ సీడ్‌లెస్ ద్రాక్ష తోట ఉంది. డిగ్రీ పూర్తిచేసిన మా అబ్బాయి వైన్ తయారీ నేర్చుకొని ఇక్కడే చిన్న వైనరీ పెడతానంటున్నాడు. సొంత తోట, సొంత వైనరీ ఉన్న కుటుంబాల్లో ఆ పని ఎలా ఉంటుంది? మా పండు అందుకు పనికొస్తుందా?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: ముందుగా పండు సంగతి చెబుతాను, ఎందుకంటే వైన్ బాగోగులు చాలావరకు తోటలోనే తేలిపోతాయి. మీ థాంప్సన్ గానీ, ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల తోటలకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహి గానీ ప్రధానంగా తినడానికి పండించే రకాలు. పండు లావు కావాలని మీరు జిబ్బరెల్లిక్ ఆమ్లం వాడతారు. వైన్ చేసేవారికి చిన్న పండే కావాలి, ఎర్ర వైన్‌కు రంగు, వగరు ఎక్కువగా తొక్క నుంచి వస్తాయి, పండు చిన్నదైతే రసంతో పోలిస్తే తొక్క ఎక్కువ కాబట్టి. అందుకే నాసిక్ ప్రాంతంలో షిరాజ్, కాబర్నే సావిన్యాన్, షెనిన్ బ్లాంక్ వంటి రకాలను వేరుగా నాటి, గుత్తుల సంఖ్యను కావాలనే తగ్గిస్తారు. దిగుబడి తగ్గించుకోవడానికి రైతు మనసు ఒప్పుకోవడమే ఇందులో అన్నిటికన్నా కష్టమని నా అభిప్రాయం.

దక్కన్‌లో వేసవి కత్తిరింపు, అక్టోబరు కత్తిరింపు, బూజు తెగులు, బూడిద తెగులు మీకు తెలిసినవే. కోత దగ్గరపడ్డాక వైన్ తయారీదారు రోజూ తోటంతా తిరిగి పండ్లు కొరికి చూస్తాడు, రిఫ్రాక్టోమీటరుతో తీపి కొలుస్తాడు. సాధారణంగా 22 నుంచి 24 బ్రిక్స్ (రసంలో చక్కెర శాతాన్ని చెప్పే కొలత) దగ్గర, పులుపు పూర్తిగా పడిపోకముందే, ఎండ ఎక్కని తెల్లవారుజామున గుత్తులు కోయిస్తాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. మన తాటికల్లు లొట్టిలో తనంతట తానే గంటల్లో పులిసినట్టుగా వైన్‌ను వదిలేస్తే కుదరదు. ఎర్ర వైన్‌ను తొక్కలతోపాటే 25 నుంచి 30 డిగ్రీల వేడిలో పులియబెడుతూ, పైకి తేలిన తొక్కల మందపు పొరను రోజుకు రెండు మూడుసార్లు రసంలోకి తొక్కాలి. తెల్ల వైన్‌కైతే రసాన్ని ముందే పిండి, 12 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మన వేసవిలో ఈ చల్లదనానికయ్యే కరెంటు ఖర్చును ముందే లెక్కవేసుకోండి. పులిసేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువైనది కనుక తొట్టెల అడుగున, మూసిన గదుల్లో పేరుకుంటుంది. పాడుబడ్డ బావిలోకి దిగేముందు ఎంత జాగ్రత్త పడతామో అక్కడా అంతే జాగ్రత్త కావాలి; ఒంటరిగా తొట్టెలోకి ఎవరూ దిగకూడదు.

మిగిలిన నెలల్లో ఎక్కువ భాగం కడగడమే. తొట్టెలు, గొట్టాలు, పంపులు శుభ్రంగా లేకపోయినా, గాలి తగిలినా వైన్ పుల్లబడి వెనిగర్ దారి పడుతుంది. 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఇగిరినంత మేర మళ్లీ నింపుతుండాలి, అడుగున దిగిన మడ్డిని వదిలి పైతేటను మరో పీపాలోకి మార్చాలి. మంచి ఎర్ర వైన్ అమ్మకానికి రావడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. కొత్తగా నాటిన తీగ సరైన కాపుకు రావడానికి మూడేళ్ల దాకా పట్టవచ్చు. అన్నేళ్లూ కుటుంబం వేరే ఆదాయంతో బతకాలి.

కాబట్టి ఉన్న తోటను ఇప్పుడే తీసేయకండి. ఎక్సైజ్ లైసెన్సు లేకుండా అమ్మకానికి వైన్ తయారుచేయడం నేరం కనుక, ఆ నిబంధనలు, రుసుములు జిల్లా ఎక్సైజ్ కార్యాలయంలో మొదట అడిగి తెలుసుకోండి. మీ అబ్బాయిని ఈ జనవరి నుంచి మార్చి దాకా నాసిక్‌లో ఏదైనా చిన్న వైనరీలో కోత పనికి పంపండి. అక్కడ తొట్టెలు కడిగి, తొక్కలు ఎత్తిపోసి వచ్చాక కూడా అతను అదే మాట మీద ఉంటే, అర ఎకరంలో షిరాజ్ నాటి మొదలుపెట్టవచ్చు.