పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కెమెరాకు ఇంట్లో తయారుచేసుకునే బయటి బ్యాటరీ

ప్రశ్న: నా దగ్గర కెనాన్ 1300డీ కెమెరా ఉంది. హార్స్‌లీ కొండల మీద రాత్రంతా వరుసగా ఫొటోలు తీసి, వాటిని కలిపి నక్షత్రాల గీతలు చూపించాలని నా కోరిక. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే పదకొండున్నరకే బ్యాటరీ అయిపోతోంది. బ్యాటరీ మార్చి మళ్లీ మొదలుపెడితే గీతల మధ్య ఖాళీ వస్తోంది. తెల్లవారుజామున నాలుగు వరకు ఆగకుండా పనిచేసే బయటి బ్యాటరీని ఇంట్లో తయారుచేసుకోవచ్చా? సోల్డరింగ్ కొంత వచ్చు.
– ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: తయారుచేసుకోవచ్చు. పైగా మీరు కోరుకున్న పనికి ఇంట్లో చేసుకున్న బ్యాటరీయే సరిగ్గా సరిపోతుంది. నక్షత్రాలు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతాయి కాబట్టి, బ్యాటరీ మార్చడానికి ఒక్క నిమిషం పట్టినా పావు డిగ్రీ ఖాళీ ఏర్పడి ఫొటోలో స్పష్టంగా కనిపిస్తుంది. అందువల్ల మధ్యలో చేయి పెట్టవలసిన అవసరం లేని ఏర్పాటు కావాలి.

ముందు ఎంత విద్యుత్తు కావాలో లెక్క వేద్దాం. మీ కెమెరాలోని ఎల్‌పీ-ఈ10 బ్యాటరీ 7.4 వోల్టులు, 860 మిల్లీ ఆంపియర్ అవర్లది. ఈ రెండింటినీ గుణిస్తే దాదాపు 6.4 వాట్ అవర్లు వస్తాయి. అది రెండున్నర గంటల్లో అయిపోతోందంటే మీ కెమెరా సగటున రెండున్నర వాట్లు వాడుకుంటోందని అర్థం. తొమ్మిది నుంచి నాలుగు వరకు ఏడు గంటలకు పదిహేడున్నర నుంచి పద్దెనిమిది వాట్ అవర్లు కావాలి. వాడకం గురించి పుస్తకాల్లో వెతకనవసరం లేకుండా మీ ఉత్తరంలోనే ఆ లెక్క దొరికింది.

ఇప్పుడు సెల్స్ సంగతి. మళ్లీ మళ్లీ చార్జింగ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ పెన్సిల్ సెల్స్ (ఏఏ సైజువి) ఆరింటిని ఒక ప్లాస్టిక్ హోల్డర్‌లో పెట్టి వరుసగా కలపమని నా సలహా. ఒక్కొక్కటి 1.2 వోల్టులు కాబట్టి ఆరు కలిస్తే 7.2 అవుతుంది, అప్పుడే చార్జర్ నుంచి తీసినవి ఒక్కొక్కటి 1.4 వోల్టులకు పైగా చూపిస్తాయి కాబట్టి మొత్తం ఎనిమిదిన్నర దగ్గర ఉంటుంది. మీ కెమెరాతో వచ్చిన లిథియం బ్యాటరీలో రెండు సెల్స్ ఉన్నాయి. నిండుగా ఉన్నప్పుడు అది చూపించేది 8.4 వోల్టులు. అంటే ఆరు నికెల్ సెల్స్ ఇచ్చే వోల్టేజీ, కెమెరాకు అలవాటైన వోల్టేజీతో దాదాపు మొదటి నుంచి చివరి వరకు కలిసి నడుస్తుంది. మధ్యలో వోల్టేజీ మార్చే సర్క్యూట్ ఏదీ అక్కరలేదు, చెడిపోవడానికి అలాంటిదేమీ ఉండదు; నాకు ఈ పద్ధతి నచ్చడానికి ముఖ్యమైన కారణం ఇదే. ఏడో సెల్ మాత్రం చేర్చకండి, పది వోల్టులు దాటుతుంది. చార్జింగ్ చేయడానికి వీలులేని ఆల్కలైన్ సెల్స్ కూడా అదే హోల్డర్‌లో వేయకండి. కొత్తవి ఆరు వేస్తే తొమ్మిదిన్నర వోల్టుల దాకా పోతుంది.

2000 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్స్ ఆరింటిలో 14.4 వాట్ అవర్లు ఉంటాయి. నష్టాలు పోగా పన్నెండు మిగులుతాయనుకుంటే మీకు ఒక సెట్ చాలదు, రెండు కావాలి. ఆ రెండు సెట్లనూ నేరుగా ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే బలంగా ఉన్న సెట్ బలహీనమైన సెట్‌లోకి కరెంటు తోసేస్తుంది. అలా జరగకుండా ప్రతి సెట్ ప్లస్ తీగలోనూ, కరెంటును ఒకే వైపుకు పోనిచ్చే షాట్కీ డయోడ్ ఒకటి పెట్టి, ఆ తరువాత రెండింటినీ కలపండి. 1ఎన్5822 అనే డయోడ్ మూడు ఆంపియర్లు తట్టుకుంటుంది. దాని మీద ఉన్న గీత కెమెరా వైపు ఉండాలి. అది దాదాపు 0.3 వోల్టులు తినేస్తుంది కానీ, నిండు సెల్స్ ఉన్నప్పుడు ఆ తగ్గుదల మనకు మేలే చేస్తుంది, వోల్టేజీని 8.4 లోపుకు తెస్తుంది. పన్నెండు సెల్స్ బరువు మూడు వందల యాభై గ్రాములకు మించదు; ట్రైపాడ్‌కు సంచిలో వేలాడదీయవచ్చు.

ఇక ప్రతి సెట్‌కూ, ప్లస్ తీగ హోల్డర్‌ను దాటిన వెంటనే, మూడు ఆంపియర్ల గాజు ఫ్యూజ్ ఒకటి తప్పనిసరిగా ఉండాలి. నికెల్ సెల్స్ లిథియం సెల్స్‌లా మండవని చాలామంది ఫ్యూజ్ మానేస్తారు. కానీ రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే ఈ చిన్న సెల్స్ నుంచే పది ఆంపియర్లకు పైగా కరెంటు వచ్చి, తీగ మీది ప్లాస్టిక్ కరిగి చేతికి అంటుకుంటుంది.

కెమెరాలోకి కరెంటు పంపడానికి బ్యాటరీ ఆకారంలో ఉండే డమ్మీ కావాలి. దీన్ని డీసీ కప్లర్ అంటారు, మీ కెమెరాకు సరిపోయేది డీఆర్-ఈ10. బ్యాటరీ మూత పక్కన రబ్బరుతో మూసిన చిన్న కంత కనిపిస్తుంది, దాని తీగ బయటికి వచ్చే దారి అదే. మొత్తం పనిలో ఇంట్లో చేయవద్దని నేను చెప్పేది ఈ ఒక్క భాగమే. పాత బ్యాటరీని పగలగొట్టి లోపలి సెల్స్ తీసేసి డమ్మీ చేసుకుందామనే ఆలోచన చాలామందికి వస్తుంది, కానీ లిథియం సెల్‌కు స్క్రూడ్రైవర్ గుచ్చుకుంటే నిప్పు పుడుతుంది. డమ్మీ కొనండి. దాని తీగకు ప్లస్ ఏదో మైనస్ ఏదో రంగు చూసి నమ్మకుండా, మల్టీమీటర్‌తో డమ్మీ మీది లోహపు పట్టీల వరకు సరిచూసుకున్న తరువాతే కెమెరాలో పెట్టండి. తిరగేసి పెడితే పోయేది బ్యాటరీ కాదు, కెమెరా.

చివరగా, నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టిన ఒక విషయం. నేను మొదటిసారి ఇలాంటిది కట్టినప్పుడు సెల్స్ అన్నీ నిండుగానే ఉన్నాయి, మీటర్ 8.2 చూపించింది, అయినా షట్టర్ నొక్కగానే కెమెరా ఆరిపోయేది. రెండు రోజులు సెల్స్‌నే అనుమానించాను. తరువాత కెమెరా పనిచేస్తుండగా ఒక్కొక్క చోట మీటర్ పెట్టి చూస్తే, చౌక హోల్డర్‌లోని సన్నటి ఇనుప స్ప్రింగుల దగ్గరా, స్ప్రింగును తీగతో కలిపే రివెట్ దగ్గరా కలిపి ఒకటిన్నర వోల్టుకు పైగా పోతోంది. రివెట్‌ను ఆకురాయితో గీకి, తీగను దాని మీద నేరుగా సోల్డర్ చేశాక ఆ జబ్బు సగం తగ్గింది; స్ప్రింగుల బదులు రేకు పట్టీలు ఉన్న హోల్డర్ తెచ్చాక పూర్తిగా పోయింది. కాబట్టి ఊరికే ఉన్నప్పుడు మీటర్ చూపించే అంకెను నమ్మకండి. లైవ్ వ్యూ (వెనుక తెర మీద దృశ్యం కనిపించే పద్ధతి) పెట్టి, షట్టర్ నొక్కుతూ, డమ్మీ తీగ మొదట్లో కొలవండి. రెండు కొలతల మధ్య అర వోల్టుకు మించి తేడా వస్తే ఎక్కడో ఒక అతుకు సరిగా లేదని అర్థం. తీగ కూడా 0.75 చదరపు మిల్లీమీటర్లది, మీటరు పొడవుకు మించకుండా వాడండి. సెల్స్ మీద మాత్రం నేరుగా సోల్డరింగ్ చేయవద్దు. ఆ వేడికి లోపలి సీలు చెడిపోతుంది.

కెమెరాలోని బ్యాటరీ గుర్తు లిథియం సెల్స్‌కు తగ్గట్టు లెక్కవేస్తుంది కనుక నికెల్ సెల్స్‌తో త్వరగా సగానికి పడిపోయినట్టు చూపిస్తుంది, దానికి కంగారు పడనవసరం లేదు. తీగను మాత్రం ట్రైపాడ్ కాలికి ఒక ముడివేసి కట్టండి. లోపల వేరే బ్యాటరీ లేదు కాబట్టి చీకట్లో కాలు తగిలి ప్లగ్గు ఊడితే, కార్డులోకి ఎక్కుతున్న ఫొటో కూడా పోతుంది. కెమెరా మెనూలో, ఫొటోలోని చుక్కలను తగ్గించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపివేయండి. అది ఉంటే ప్రతి ఫొటో తరువాత అంతే సమయం కెమెరా ఆగుతుంది, మీరు ఇంత శ్రమపడి తప్పించుకున్న ఖాళీ మళ్లీ వస్తుంది. కెమెరాను ఉత్తరానికి తిప్పినప్పుడు ధ్రువ నక్షత్రం కోసం మరీ పైకి చూడకండి, మీ కొండ మీద అది దిగంతానికి పదమూడున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలో ఆరు 18650 సెల్స్ (గుండ్రటి గొట్టాల్లాంటి లిథియం సెల్స్) దొరికాయి. వాటితో కెమెరాకు బయటి బ్యాటరీ చేసుకుంటే ఖర్చు కలిసివస్తుంది కదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఖర్చు తగ్గుతుంది కానీ, మీరు అడిగినందుకు సంతోషిస్తూనే వద్దని చెబుతున్నాను. ల్యాప్‌టాప్ బ్యాటరీ పాడైందంటే సాధారణంగా అందులో ఒకటో రెండో సెల్స్ మిగిలినవాటి కంటే ముందు చచ్చిపోయి ఉంటాయి, ఏవి ఎంత బాగున్నాయో పైకి చూస్తే తెలియదు. అలాంటి రెండింటిని వరుసగా కలిపి 8.4 వోల్టుల వరకు చార్జింగ్ చేస్తే, ఒకటి 4.0 దగ్గర ఉండగానే రెండోది 4.4కు పోవచ్చు. లిథియం సెల్ 4.2 దాటడం ప్రమాదం. కొత్త సెల్స్‌తోనే చేయాలనుకుంటే, రెండు సెల్స్‌ను విడివిడిగా కనిపెట్టి ఉండే రక్షణ బోర్డు, 8.4 వోల్టుల లిథియం చార్జర్ రెండూ కొనండి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో ఇవి దొరుకుతాయి. సెల్స్ కొనేటప్పుడు భారతీయ భద్రతా ప్రమాణమైన ఐఎస్ 16046 గుర్తు ఉందో లేదో చూడండి. ఇంట్లో కట్టిన లిథియం ప్యాక్‌ను విమాన ప్రయాణంలో తీసుకువెళ్లాలని అనుకోకండి. విమానంలోకి వెళ్లే లిథియం బ్యాటరీలు యూఎన్ 38.3 అనే ఐక్యరాజ్యసమితి భద్రతా పరీక్షలు నెగ్గినవై ఉండాలి.

ప్రశ్న: నేలపట్టులో పెలికాన్ల గూళ్లను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వీడియో తీయాలి. పక్కనే బైకు ఉంటుంది. దాని బ్యాటరీ నుంచి కెమెరాకు తీగ లాగవచ్చా?
– ఒక పాఠకుడు, సూళ్లూరుపేట

జవాబు: నేరుగా లాగితే కెమెరా కాలిపోతుంది, ఆ బ్యాటరీ పన్నెండు వోల్టులది, ఇంజను తిరుగుతుంటే పద్నాలుగు దాటుతుంది. మధ్యలో ఎల్ఎం2596 లాంటి వోల్టేజీ తగ్గించే మాడ్యూల్ పెట్టాలి. మీ కెమెరా కంపెనీ ఇచ్చే ఏసీ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో, మాడ్యూల్ మీది చిన్న ఇత్తడి స్క్రూ తిప్పుతూ సరిగ్గా అంతే పెట్టండి. తరువాత స్క్రూ మీద ఒక చుక్క గోళ్ల రంగు వేస్తే, దారిలో బైకు కుదుపులకు అది కదలదు. ఆపై కెమెరాకు బదులు 12 వోల్టుల చిన్న కారు బల్బు ఒకటి తగిలించి పావుగంట వెలిగించి, వోల్టేజీ మారలేదని చూసుకున్నాకే కెమెరాకు కలపండి. సాయంత్రం బైకు స్టార్టు కావాలి కాబట్టి, వీలైతే బైకు బ్యాటరీ జోలికి పోకుండా విడిగా ఒక 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ తీసుకువెళ్లండి. గూళ్ల దగ్గర ఇంజను చప్పుడు కూడా ఉండదు.