సమ్మరీ కోర్ట్ మార్షల్‌లో లాయర్ ఉంటారా? "గిల్టీ" అనే ముందు తెలుసుకోవాల్సింది

మీ తమ్ముడు ఆర్మీలో సిపాయి. అమ్మగారి ఆపరేషన్ వల్ల లీవ్ అయిపోయాక నెలకు పైగా ఆలస్యంగా యూనిట్‌కి చేరాడు. ఇప్పుడు సమ్మరీ కోర్ట్ మార్షల్, అంటే యూనిట్‌లోనే జరిగే సైనిక విచారణ, అంటున్నారు. మన లాయర్‌ని పంపొచ్చా, లేక ఆర్మీ లాయరే వాదిస్తారా అన్నది మీ ప్రశ్న. నేను క్లర్క్‌గా చేరి సుబేదార్‌గా రిటైరయ్యాను. డిసిప్లిన్ కేసుల కాగితాలు ఏళ్ళ తరబడి నా టేబుల్ మీదుగానే వెళ్ళాయి కాబట్టి చూసింది చూసినట్టు చెబుతాను.

సమ్మరీ కోర్ట్ మార్షల్‌లో లాయర్ నిలబడి వాదించే అవకాశం లేదు. ఆర్మీ లాయర్, అంటే జాగ్ (జడ్జ్ అడ్వకేట్ జనరల్ విభాగం) ఆఫీసర్, మీ తమ్ముడి తరఫు మనిషి కాదు. మన ఇళ్ళల్లో చాలామంది ఇక్కడే పొరబడతారు. లా చదివి, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ)లో ట్రైనింగ్ అయి యూనిఫాం వేసుకున్న ఆ ఆఫీసర్ పని కమాండర్‌కి చట్టం చెప్పడం. ఈ చార్జ్ నిలబడుతుందా, పద్ధతి ప్రకారం జరిగిందా అని చూస్తారు. కనీసం ఐదుగురు ఆఫీసర్లు కూర్చునే జనరల్ కోర్ట్ మార్షల్‌లో జడ్జ్ అడ్వకేట్ తప్పనిసరిగా ఉండాలి. ఆయన చట్టం వివరిస్తారు, ఓటు వేయరు. జనరల్‌లోనూ, డిస్ట్రిక్ట్ కోర్ట్ మార్షల్‌లోనూ నిందితుడి తరఫున వాదించే డిఫెండింగ్ ఆఫీసర్ ఉంటారు, బయటి అడ్వకేట్‌నీ పెట్టుకోవచ్చు.

సమ్మరీ దగ్గరికొచ్చేసరికి సీఓ, అంటే యూనిట్ కమాండింగ్ ఆఫీసర్, గారొక్కరే కోర్టు. ఇంకో ఇద్దరు ఆఫీసర్లో జేసీఓలో (సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) కూర్చుంటారు గానీ తీర్పులో వాళ్ళకు పాత్ర లేదు. సీఓ లెఫ్టినెంట్ కల్నల్ లేదా ఆపై ర్యాంక్ అయితే ఏడాది దాకా జైలు వేయొచ్చు, సర్వీసు నుంచి డిస్మిస్ చేయొచ్చు. పైవాళ్ళ ఆమోదం కోసం ఆగకుండా శిక్ష అప్పుడే అమలవుతుంది. కాగితాలు పరిశీలనకు పైకి వెళ్ళేది ఆ తర్వాతే. నిందితుడి పక్కన "ఫ్రెండ్ ఆఫ్ ది అక్యూజ్డ్" అని ఒకరు కూర్చుని సలహా ఇవ్వొచ్చు, కానీ సాక్షుల్ని ప్రశ్నించకూడదు, కోర్టుతో మాట్లాడకూడదు. నేను చూసిన సీఓల్లో చాలామంది న్యాయంగా ఉండాలనుకున్నవాళ్ళే. అయినా ఒక మనిషి ఉద్యోగం, పెన్షన్ పోయే గదిలో చట్టం తెలిసిన మనిషి ఒక్కరైనా అతని వైపు ఉండాలని ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

ఇక అసలు సంగతి. లీవ్ దాటి ఉండిపోవడం ఆర్మీ యాక్ట్ 1950లో సెక్షన్ 39 కిందకి వస్తుంది. ఆ సెక్షన్‌లో నేరం ఆలస్యంగా రావడం ఒక్కటే కాదు, "తగిన కారణం లేకుండా" లీవ్ దాటడం. "ఆలస్యంగా వచ్చావా?" అంటే మన పిల్లలు నిజాయితీగా "వచ్చాను సాబ్, గిల్టీ" అనేస్తారు. అమ్మ ఐసీయూలో ఉందన్న కారణం ఆ ఒక్క మాటతో కొట్టుకుపోతుంది. చార్జ్ అర్థమేంటో, ఒప్పుకుంటే ఏమవుతుందో నిందితుడికి వివరించాలని ఆర్మీ రూల్స్ చెబుతున్నాయి. ఒప్పుకున్నాక కూడా, అతనికి విషయం అర్థం కాలేదని తేలితే దాన్ని "నాట్ గిల్టీ"గా మార్చాలి.

ఈ విచారణకంటే ముందు సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ అని, సాక్షులు చెప్పింది రాసుకునే పని ఒకటి జరుగుతుంది. అదెలా ఉంటుందంటే, ఒక ఆఫీసర్, ఎదురుగా సాక్షి, పక్కన మీ తమ్ముడు. కంపెనీ హవల్దార్ మేజర్ "ఫలానా రోజు రోల్ కాల్‌లో లేడు" అని చెబుతాడు. ఆఫీసర్ మీ తమ్ముడి వైపు తిరిగి "క్రాస్ చేస్తావా?" అంటారు, అంటే సాక్షిని ఎదురు ప్రశ్నలు అడుగుతావా అని. వీడు అటెన్షన్‌లో నిలబడి "నహీ సాబ్" అంటాడు. "నిందితుడు క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిరాకరించాడు" అని టైపవుతుంది, కింద సంతకం. ఇలాంటి కాగితాలు నేనే ఎన్నో టైప్ చేశాను. "ఎక్స్‌టెన్షన్ కావాలని నేను ఫోన్ చేశాను కదా, మీరేగా ఎత్తింది?" అన్న ఒక్క ప్రశ్న అడిగితే జవాబు రికార్డులోకి వచ్చేది. తర్వాత ఏ కోర్టుకెళ్ళినా జడ్జి ముందుండేది ఆ రికార్డే.

అందుకే లాయర్‌ని ఇప్పుడే కలవండి, తీర్పు వచ్చేదాకా ఆగొద్దు. లోపల వాదించలేకపోయినా ఏ సాక్షిని ఏం అడగాలో, స్టేట్‌మెంట్‌లో ఏం రాయాలో చెప్పి పంపగలరు. ఊళ్ళో మామూలు క్రిమినల్ కేసులు చూసే లాయర్ కాకుండా సైనికుల కేసులు చూసే ఆర్మ్డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌లో వాదించే వాళ్ళయితే మంచిది. హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, యూనిట్‌కి చేసిన కాల్స్, మెసేజ్‌లు అన్నీ తేదీల వారీగా పెట్టి కాపీలు తమ్ముడికి పంపండి.

డిస్మిస్ చేసినా దారి మూసుకుపోదు. సెక్షన్ 164 కింద పైవాళ్ళకు పిటిషన్ పెట్టొచ్చు. ఆ తర్వాత 2009లో మొదలైన ట్రిబ్యునల్ ఉంది. సర్వీసు నుంచి తీసేసినవాళ్ళు తాము ఉండే చోటి బెంచ్‌లోనే కేసు వేయొచ్చు, మన తెలుగు రాష్ట్రాలకు అది చెన్నై బెంచ్. చివరి ఆర్డర్ వచ్చిన ఆరు నెలల్లోపు వేయాలి. సమ్మరీ కోర్ట్ మార్షల్ మామూలు దారి కాదని, వెంటనే చర్య తీసుకోవాల్సిన అవసరం ఉందని చూపాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. లాయర్‌తో ఆ తీర్పు గురించి తప్పకుండా మాట్లాడండి. 1987 నాటి రంజిత్ ఠాకూర్ కేసు కూడా అడగండి. క్వార్టర్ గార్డ్ (యూనిట్ లోపలి కస్టడీ గది)లో శిక్షలో ఉన్న ఆ సిగ్నల్‌మన్ అన్నం తినమన్న ఆర్డర్ వినలేదని ఏడాది జైలు వేసి డిస్మిస్ చేశారు. అంతకుముందు అతను ఎవరిమీద ఫిర్యాదు చేశాడో ఆ ఆఫీసరే విచారణలో కూర్చున్నారు. సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసి, జీతభత్యాలతో ఉద్యోగంలోకి తీసుకోమంది.

తమ్ముడు ఈసారి ఫోన్ చేసినప్పుడు ముందు రెండు విషయాలు అడగండి: సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ అయిపోయిందా, చార్జ్ షీట్ కాపీ చేతికిచ్చారా. చార్జ్ చెప్పాక విచారణకు మామూలుగా కనీసం 96 గంటలు టైమివ్వాలి, యాక్టివ్ సర్వీస్‌లో, అంటే యుద్ధం లాంటి ఆపరేషన్ డ్యూటీలో, అయితే 24 గంటలే. అతను ఏం చెప్పాడో ఇక్కడ రాస్తే తర్వాత ఏం చేయాలో చెబుతాను.