కుమ్మరి ఆవంలో కాలిన మట్టి, కాల్చిన మట్టి

సందేహం: ప్రాచీన కాలపు కుండల తయారీ కేంద్రాల్లో జరిగిన తవ్వకాల మీద ఒక వ్యాసం రాస్తున్నానండీ. కుండలు కాల్చే చోటుని కొలిమి అనాలా, బట్టీ అనాలా? ఒకచోట ‘కాలిన మట్టి’ అని, ఇంకోచోట ‘కాల్చిన మట్టి’ అని రాశాను. రెండూ ఒకటే, ఏదో ఒకటి ఉంచమని మిత్రులంటున్నారు. ‘వర్క్‌షాప్’కి తెలుగు మాట కూడా చెప్పండి.

సమాధానం: తేలికైనది ముందు తేల్చేద్దాం. కుండలు కాల్చేది ఆవం. కొలిమి కమ్మరిది, తిత్తి ఊది ఇనుము కాచే చోటు, దాన్ని కుమ్మరికి అంటగట్టకండి. బట్టీ అంటే తప్పనను గానీ, ఇటుక బట్టీ, సున్నపు బట్టీ, సారా బట్టీ అని అది అన్నిటికీ చెల్లుతోంది, మీ వ్యాసానికి అంత వదులు మాట ఎందుకు? సంస్కృతంలో ఆపాకం, హిందీలో ఆవా, మనకి ఆవం, అన్నీ ఆ కుటుంబంలోవే. ఒక్క ఇబ్బంది ఉంది. బహువచనం ‘ఆవాలు’ అవుతుంది, చదివేవాళ్ల మనసు పోపుడబ్బా మీదికి పోతుంది, కాబట్టి ‘కుమ్మరి ఆవాలు’ అని పూర్తిగా రాయండి.

అసలు విషయం రెండో ప్రశ్నలో ఉంది, అక్కడ మీ మిత్రుల మాట వినకండి. కాలు అకర్మకం, కాల్చు సకర్మకం అని వ్యాకరణం చెప్పి ఊరుకుంటుంది, కానీ పురావస్తు తవ్వకాల్లో ఆ తేడా మీదే చాలా ఆధారపడి ఉంటుంది. క్రీట్ ద్వీపంలోని నోసస్‌లోనూ, గ్రీసులోని పైలోస్‌లోనూ లీనియర్ బి అనే ప్రాచీన గ్రీకు లిపిలో రాసిన మట్టిపలకలు దొరికాయి. వాటిని రాసినవాళ్లు ఎండబెట్టి వదిలేశారంతే, తర్వాత భవనాలు తగలబడ్డప్పుడు ఆ వేడికి గట్టిపడి ఇప్పటిదాకా మిగిలాయి. అవి కాలిన పలకలు. ‘కాల్చిన పలకలు’ అని రాశారనుకోండి, లేఖకులు కావాలని ఆవంలో పెట్టినట్టవుతుంది, అంటే ఒక్క అక్షరంతో చరిత్రే మారిపోతుంది.

ఇక ఆవంలోకే వద్దాం. గ్రీకు, రోమన్ కాలపు కుమ్మరి ఆవాలు చాలావరకు రెండు భాగాలుగా ఉంటాయి: కింద మంట పెట్టే గది, దాని మీద చిల్లులున్న అరుగు, ఆ పైన కుండలు పేర్చే గది. పైభాగం నిలవడం అరుదు, తవ్వితే ఎక్కువగా దొరికేది కిందిదే. ఆ గోడని దగ్గరగా చూస్తే, మంట నేరుగా తగిలిన ముఖం ఒక్కోసారి కరిగి గాజులా బిగుసుకుపోయి ఉంటుంది, దాని వెనక ఎర్రబారిన పొర, ఇంకా వెనక్కి పోతే మామూలు మట్టి. ఆ గోడని కాల్చాలని ఎవరూ పూనుకోలేదు, కుండలు కాలుస్తుంటే దానంతట అదే కాలింది. కాబట్టి ఒకే ఆవంలో కుండలు కాల్చినవి, గోడ కాలినది! పైగా, మట్టిలోని ఇనుప రేణువులు బాగా వేడెక్కి చల్లారేటప్పుడు అప్పటి భూ అయస్కాంత క్షేత్రం దిశని పట్టుకుని ఉండిపోతాయి. ఆ దిశ కాలంతోపాటు మారుతూ ఉంటుంది. కుండలు చేతులు మారి ఎక్కడెక్కడికో పోతాయి, గోడ కదలదు, అందుకే ఆ ఆవం చివరిసారి ఎప్పుడు మండిందో లెక్కగట్టడానికి ఈ కాలిన గోడే పనికొస్తుంది.

అలాగని కుండ పక్కన ‘కాలిన’ రాకూడదని కాదు. ‘బాగా కాలిన కుండ’, ‘సరిగా కాలని కుండ’ అని శుభ్రంగా అంటాం, అక్కడ చెబుతున్నది పనిని కాదు, ఫలితాన్ని. ఏథెన్స్ కుమ్మర్లు ఆవంలోకి ముందు గాలి వదిలి, తర్వాత గాలి ఆపి పొగతో నింపి, మళ్లీ గాలి వదిలి కుండల మీద నలుపు, ఎరుపు రంగులు తెప్పించేవారు. మధ్యలో ఎంతవరకు వచ్చిందో తెలియాలి కదా, అందుకు చిల్లు పెట్టిన చిన్న ముక్కల్ని కొక్కెంతో బయటికి లాగి చూసుకునేవారు. ఆ పరీక్ష ముక్కలు తవ్వకాల్లో దొరికాయి. ఆ కుమ్మరి మనవాడై ఉంటే అడిగేది ‘కాలిందా?’ అనే. మాడి, వంకరపోయి, ఒకదానికొకటి అతుక్కుపోయిన కుండలకి కొత్త పారిభాషిక పదాలు కట్టకండి, ‘ఆవంలో చెడిన కుండలు’ చాలు. వాటిని ఎవరూ కొని దూరం మోసుకుపోరు, అందుకే అవి కుప్పగా కనబడితే కుండలు అక్కడే తయారయ్యాయనడానికి గట్టి ఆధారం.

వర్క్‌షాప్‌కి ‘కుమ్మరిశాల’ అనండి. తెలుగు మాటకి సంస్కృతం తగిలించారని ఎవరైనా అభ్యంతరపెడితే ‘కుమ్మరిసాల’ అని రాయండి, శాలకి సాల తద్భవమే. కర్మాగారం మాత్రం వద్దు, యంత్రాల చప్పుడు వినిపిస్తుంది. అయితే మట్టి తొక్కి, సారె తిప్పి, కుండ ఆరబెట్టే చోటు శాల, కాల్చే చోటు ఆవం, ఈ రెండూ ఒకే కుమ్మరివి కానక్కర్లేదు. దక్షిణ ఫ్రాన్సులోని లా గ్రోఫెసెంక్‌లో క్రీ.శ. 1వ శతాబ్దం నాటి పళ్లేల మీద గీసిన లెక్కలు దొరికాయి, కుమ్మర్ల పేర్లు, పాత్రల రకాలు, ఎన్నేసి అన్నవి వరసగా ఉంటాయి, అంటే పలువురి సరుకు ఒకే ఆవంలో కాల్చేవారన్నమాట. అలాంటి చోటు గురించి రాసేటప్పుడు ‘కుమ్మరి తన ఆవంలో’ అనకుండా ‘ఉమ్మడి ఆవంలో’ అని రాయండి.