బ్రష్ చేస్తే రక్తం: ప్లాస్టిక్ వల్లేనా?

బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని, అది నైలాన్ బ్రష్ ప్లాస్టిక్ వల్లేమోనని మీరు రాశారు. మీ అనుమానం బ్రష్ మీద ఉంది గానీ, రక్తానికి కారణం చాలావరకు పంటి మొదట్లో పేరుకున్న పాచే. బ్రష్ అరిగితే సన్నటి ప్లాస్టిక్ నలుసులు నోట్లోకి వస్తాయి, నిజమే. వాటివల్లే చిగుళ్ల జబ్బు వస్తుందని ఇంకా తేలలేదు.

రక్తం వచ్చే చోట తోమడం మానేశానన్నారు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. వదిలేసిన చోట పాచి ఇంకా పెరుగుతుంది, వాపూ పెరుగుతుంది.

1. మెత్తటి బ్రష్ తీసుకోండి. పన్నూ చిగురూ కలిసే గీత మీద 45 డిగ్రీలు వాల్చి, నొక్కకుండా చిన్నగా కదపండి. లోపలి వైపు కూడా. రోజుకు రెండుసార్లు, 2 నిమిషాలు.

2. పళ్ల సందుల్లోకి బ్రష్ పోదు. అక్కడి పాచిని రాత్రి ఫ్లాస్ దారంతో తీయండి.

3. విచ్చుకుపోయిన బ్రష్ పారేయండి. 3 నెలలకోసారి మారిస్తే నలుసుల టెన్షన్ కూడా తగ్గుతుంది.

మీది ఫ్లోరైడ్ సమస్యకు పేరుపడ్డ నల్గొండ జిల్లా మర్రిగూడ అన్నారు కాబట్టి ఇంకో మాట: మీ పళ్ల మీద చిన్నప్పటి నుంచీ ఉన్న గోధుమరంగు మచ్చలు ఫ్లోరైడ్ నీళ్లవి అయ్యుంటాయి. ఎంత రుద్దినా పోవు, చిగుళ్లు మాత్రం ఒరుసుకుపోతాయి. దయచేసి రుద్దకండి.

పాచి గట్టిపడి గార అయితే ఇంట్లో తోమితే ఊడిరాదు. రెండు వారాల్లో రక్తం ఆగకపోతే డెంటిస్ట్ దగ్గర స్కేలింగ్ (గార తీయడం) చేయించండి. షుగర్ ఉంటే అన్నాళ్లు ఆగొద్దు.