సొరుగులో పడేసిన ఆ కవరు వెంటనే బయటికి తీయండి

ప్రశ్న: మావారు ఫిన్నిష్ అమెరికన్. నేను అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని హోటన్‌లో, మిషిగన్ టెక్‌లో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు పరిచయమయ్యారు. హాన్‌కాక్ దగ్గర పల్లెలో వాళ్ళకి 80 ఎకరాల పొలం ఉంది, ముత్తాత సంపాదించింది. మావారు వాళ్ళ అపోస్టలిక్ లూథరన్ చర్చి మానేశాక మామగారు తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు. పోయిన డిసెంబర్లో చనిపోయారు. ఆఖరి ఏడాదిలో ట్రస్టు పత్రం (తన తర్వాత ఆస్తి ఎవరికి వెళ్ళాలో రాసిన కాగితం) మార్చి మొత్తం బావగారికే పెట్టారు. మామగారికి పెళ్ళికి ముందే ఒక కూతురు పుట్టిందని డీఎన్‌ఏ టెస్టులో ఇప్పుడు బయటపడింది. పిత్రార్జితం కదా, మా వాటా రాదా?

జవాబు: అమ్మా, మీరు రాసిన ఆరు పేజీల్లో ఐదు పేజీలు మామగారి మౌనం గురించి, చర్చి గురించి, కొత్తగా తెలిసిన ఆడపడుచు గురించి. కేసును తేల్చే మాట చివరి పేజీలో ఒక్క వాక్యంలో ఉంది: మార్చిలో బావగారి నుంచి లావుపాటి కవరు వస్తే, ఆ పేరు చూడగానే మావారు సొరుగులో పడేశారని. ఆ కవరే మీ కేసు.

ముందు ఒక అపోహ తీసేస్తాను. మీ ప్రాంతంలో 1913-14లో జరిగిన రాగి గనుల సమ్మె తర్వాత గనుల్లో మళ్ళీ పని దొరక్క చాలామంది ఫిన్నిష్ కూలీలు చెట్లు కొట్టేసిన మోళ్ళ నేల కొనుక్కుని పొలం చేసుకున్నారు, ఆ కష్టం తెలిసినవాణ్ణే. అయినా మిషిగన్‌లో పిత్రార్జితం అనే మాటకి చట్టంలో చోటు లేదు. ఫిన్లాండ్‌లో ఉన్న చుట్టాలు పిల్లలకి సగమైనా దక్కాలి అన్నారని రాశారు, అది అక్కడి చట్టం, వారసత్వంగా రావలసిన దానిలో సగం పిల్లలకి తప్పనిసరి. మిషిగన్ నేలకి అది వర్తించదు. ఇక్కడ తండ్రి పెద్దవాడైన కొడుకుని పూర్తిగా తప్పించవచ్చు.

కాబట్టి మీకున్న దారి ఒక్కటే, ఆ ట్రస్టు మార్పు చెల్లదని సవాలు చేయడం. దానికి గడువు తండ్రి పోయిన నాటి నుంచి రెండేళ్ళు, లేదా ట్రస్టీ (ట్రస్టు ఆస్తిని చూసుకునే వ్యక్తి) నిబంధనల ప్రకారం నోటీసు పంపిన నాటి నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది. చట్టంలో ఉన్నది 'పంపిన' అనే మాట. అందుకే అందలేదని బొంకినా లాభం లేదు. బావగారు పంపిన కవరులో ఉన్నది ఆ నోటీసే అయ్యుంటుంది. మీరు పంపిన కవరు ఫోటోలో పోస్టు ముద్ర మార్చి 6 అని ఉంది. సెప్టెంబర్ 6 దాటితే కథ అయిపోయినట్టే అనుకోండి. లోపలి ఉత్తరం మీద ఇంకా ముందు తేదీ ఉంటే దాన్నే లెక్కపెట్టండి. నోటీసులో ఉండాల్సిన వివరాల్లో ఏదైనా తప్పిపోయి ఉంటే ఆరు నెలల లెక్క మీద వాదించవచ్చు, కానీ దాని మీద ఆశపెట్టుకుని కూర్చోకండి. కోపం వచ్చినంత మాత్రాన చట్టపరమైన కాగితాన్ని చదవకుండా పడేస్తారా? ఐదు నెలలు అలా పోయాయి.

సాక్ష్యం సంగతి. పవర్ ఆఫ్ అటార్నీ (మామగారి తరఫున వ్యవహారాలు నడిపే అధికారం) బావగారి దగ్గరే ఉందన్నారు, అది పెద్ద విషయం. వ్యవహారాలు అప్పగించిన మనిషే లాభపడి, రాయించుకునే అవకాశమూ అతనికే ఉంటే, ఒత్తిడి జరిగిందనే అనుమానంతోనే కోర్టు మొదలుపెడుతుంది. అయినా చివరికి నిరూపించే భారం మీదే. మీరు పంపిన రెండో ఫోటో నాకు బాగా నచ్చింది: సౌనా (ఆవిరి స్నానం) గదిలో గోడ క్యాలెండర్, అందులో మామగారు రోజూ మంచు ఎంత పడింది, ఎన్ని కట్టెలు కాల్చారు అని ఫిన్నిష్‌లో రాసుకున్నారు. మే దాకా గళ్ళు నిండి ఉన్నాయి, తర్వాత ఖాళీ. ట్రస్టు మార్పు ఆగస్టులో. వైద్య రికార్డులతో కలిపితే ఇది పనికొస్తుంది. ఆ క్యాలెండర్‌ని మాత్రం మీరు వెళ్ళి తీసుకురాకండి. దాన్ని భద్రపరచమని మీ లాయరు నోటీసు ఇస్తారు.

"సెటిల్ చేయకపోతే ఆడపడుచు విషయం చర్చిలో అందరికీ చెప్తాం" అని బావగారికి మెసేజ్ పెట్టాలనుకుంటున్నారట. వద్దు, ససేమిరా వద్దు. డబ్బు కోసం బెదిరించారని ఆ మెసేజే మీ మీద సాక్ష్యమవుతుంది, క్రిమినల్ కేసు దాకా పోవచ్చు. పైగా ఆవిడ మీ చేతిలో ఆయుధం కాదు. ట్రస్టు పూర్తిగా కొట్టేసి, విల్లు కూడా లేకపోతే, తండ్రి ఆయనేనని ప్రొబేట్ కోర్టులో (వారసత్వ వ్యవహారాలు చూసే కోర్టు) రుజువు చేసుకుని ఆవిడా మూడో వాటాదారు అవుతారు. మార్పు ఒక్కటే పోతే పాత ట్రస్టు పత్రం నిలుస్తుంది, అందులో ఇద్దరు కొడుకులకీ సమానంగా ఉందో లేదో ముందు చూడండి.

ఈ రాత్రే కవరుకి రెండు వైపులా, లోపలి ప్రతి పేజీకీ ఫోటోలు తీసి పెట్టుకోండి. సోమవారం హోటన్ కౌంటీ ప్రొబేట్ కోర్టులో ట్రస్టు వ్యాజ్యాలు వాదించే లాయర్ని పట్టుకోండి. సంతకం పెట్టాల్సింది మీరు కాదు, మీవారు. ఆయన్ని కూడా కూర్చోబెట్టి ఇది చదివించండి.