గేదె తల అంత పెద్దది, మరి తెలివి మనిషికెందుకు?

ప్రశ్న: మా ఇంట్లో రెండు గేదెలున్నాయి. వాటి తల మన తలకు రెండింతలుంటుంది. ఏనుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. మరి మనిషి మెదడులో అంత ప్రత్యేకత ఏముంది? తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను. (ఒక పాఠకుడు, ముమ్మిడివరం)

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగాడండి మీవాడు. గేదె తలలో ఎక్కువ చోటు దవడలకీ ఎముకకీ కొమ్ముల మొదళ్లకీ పోతుంది, మెదడుకి మిగిలేది తక్కువ. ఆవు మెదడు తూచితే నాలుగు వందల గ్రాముల పైచిలుకు ఉంటుంది. చింపాంజీదీ దాదాపు అంతే, కానీ ఆ రెండింటి తెలివీ ఒకటేనని ఎవరూ అనరు కదా! మనది 1.3, 1.4 కిలోల మధ్య ఉంటే ఏనుగుది నాలుగున్నర నుంచి ఐదు, స్పెర్మ్ వేల్ అనే తిమింగలానిది ఎనిమిది కిలోల దాకా ఉంటుంది. కాబట్టి బరువు చూసి తెలివి చెప్పడం కుదరదు.

లోపల కణాలెన్ని, అవి ఎక్కడున్నాయి అనేది చూడాలి. సుజానా హెర్కులానో హౌజెల్ అనే బ్రెజిల్ శాస్త్రవేత్త దీనికి భలే పద్ధతి కనిపెట్టారు. మెదడును ముక్కలు చేసి, కణాల పైపొరలు కరిగిపోయి లోపలి కేంద్రకాలు మాత్రమే మిగిలేలా ఒక ద్రావణంలో నూరేసి, ఆ ద్రవాన్ని అంతటా ఒకేలా ఉండేట్టు బాగా కలిపి, అందులోంచి కాస్త తీసి మైక్రోస్కోపు కింద లెక్కపెట్టడం. అలా 2009లో తేలింది మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీకణాలు, ఉన్నాయని. అంతకుముందు పుస్తకాల్లో పదివేల కోట్లని రాసేసేవారు. 2014లో ఇదే పద్ధతిలో ఆఫ్రికా ఏనుగు మెదడు లెక్కపెడితే 25,700 కోట్లు వచ్చాయి, అంటే మనకు మూడింతలు! కానీ వాటిలో నూటికి 98 వెనకాల ఉండే చిన్నమెదడులోనే ఉన్నాయి. ఆలోచనకీ, ముందుచూపుకీ, మాటకీ ముఖ్యమైన పైపొరని కార్టెక్స్ అంటారు, అందులో ఏనుగుకి 560 కోట్లుంటే మనకు 1,600 కోట్లు. అదీ ఏనుగు కార్టెక్స్‌లో సగం బరువు కూడా లేని పొరలో.

ఇది కోతి జాతి నుంచి మనకు వచ్చిన ఆస్తి. చాలా జంతువుల్లో మెదడు పెరిగేకొద్దీ ఒక్కో కణమూ లావెక్కుతుంది, కోతి జాతిలో మాత్రం కణాలు దాదాపు చిన్నగానే ఉండి ఒత్తుగా సర్దుకుంటాయి. ఇంకెవరికీ లేని కొత్త భాగమేదో మన తలలో ఉందనుకుంటే అది నిజం కాదు. పైగా అన్నింట్లో మనదే పైచేయి కూడా కాదు. 2007లో జపాన్‌లోని క్యోటోలో అయుము అనే కుర్ర చింపాంజీ తెరమీద సెకనులో ఐదో వంతు మాత్రమే కనిపించి మాయమైన అంకెలు ఎక్కడెక్కడున్నాయో గుర్తుపెట్టుకుని వరసగా నొక్కేసి, యూనివర్సిటీ విద్యార్థులను ఓడించింది.

కణాల లెక్కతో కూడా కథ పూర్తవదు. పైలట్ వేల్ అనే సముద్రజీవి కార్టెక్స్‌లో మనకన్నా రెండింతలకు పైగా న్యూరాన్లున్నాయి. నన్నడిగితే అసలు తేడా మన మెదడు ఎంత ఆలస్యంగా, ఎవరి మధ్య తయారవుతుందనే దాంట్లో ఉంది. దూడ పుట్టిన గంటా రెండు గంటల్లో లేచి పొదుగు వెతుక్కోవడం మీరు రోజూ చూసేదే. మన బిడ్డ పుట్టేసరికి మెదడు పెద్దవాళ్ల మెదడులో మూడో వంతు కూడా ఉండదు, మిగతాదంతా బయటికొచ్చాక మన మాటలూ పాటలూ కేకలూ వింటూ పెరగాల్సిందే. నుదుటి వెనకాల భాగం పూర్తిగా ముదిరేసరికి పాతికేళ్లొస్తాయి. మీవాడి తలలో ఆ పని ఇంకా నడుస్తోంది.

దీనికి ఖర్చు కూడా గట్టిగానే అవుతుంది. ఒంటి బరువులో రెండు శాతమున్న మెదడు విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఐదో వంతు శక్తి లాగేసుకుంటుంది. ఐదేళ్ల పిల్లల్లో అయితే రోజు మొత్తం శక్తిలో నలభై శాతం పైగా దానికే పోతుంది, సరిగ్గా ఆ వయసులోనే ఒళ్లు పెరగడం బాగా నెమ్మదిస్తుంది. తిన్న అన్నం ఒంటికి పట్టట్లేదని నాయనమ్మలు బెంగపడేది కూడా ఆ వయసు పిల్లల గురించే! పచ్చి ఆకులూ కాయలే తిని ఇంత మెదడును పోషించాలంటే రోజుకు తొమ్మిది గంటలకు పైగా తింటూనే ఉండాలని 2012లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. నిప్పు మీద వండుకోవడం మొదలుపెట్టాకే ఇంత మెదడు మనకు సాధ్యమైందని వాళ్ల వాదన, నాకది సబబుగానే అనిపిస్తుంది.

ప్రశ్న: మనిషి మెదడులో పది శాతమే వాడతాడని, మిగతాది నిద్రలేపితే అద్భుతాలు చేయొచ్చని వాట్సాప్‌లో వస్తోంది. నిజమేనా? (ఒక పాఠకురాలు, పాలకొల్లు)

జవాబు: కాదమ్మా, ఆ పేరుతో డబ్బు కట్టించుకునే కోర్సుల జోలికి అసలు వెళ్లకండి. ఇంత తిండి తినే అవయవంలో తొంభై శాతాన్ని శరీరం ఊరికే కూర్చోబెట్టి పోషించదు. స్కానింగులో చూస్తే మనం నిద్రలో ఉన్నా మెదడంతా ఏదో ఒక పని చేస్తూనే ఉంటుంది. పక్షవాతం వచ్చినవాళ్లను మీరూ చూసే ఉంటారు, కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయినప్పుడు చాలామందికి దాంతోపాటు మాట కూడా పోతుంది. మాటకు సంబంధించిన భాగాలు ఎక్కువమందిలో ఎడమవైపు ఉండటమే కారణం. పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు 1861లో, "టాన్" అన్న ఒక్క మాట తప్ప మరేదీ పలకలేని రోగి చనిపోయాక మెదడు తీసి చూస్తే ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. చిన్న చోటు పాడైతేనే మాట పోతోంది, ఇక వాడని తొంభై శాతం ఎక్కడుందో చెప్పండి.

పక్షవాతం మాట ఎలాగూ వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మూతి ఒక పక్కకు జారినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట తడబడినా పసరు మందుకో మర్దనాకో తీసుకెళ్లి టైం పోగొట్టకండి. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అంతకుముందు స్కాన్ కూడా తీయాలి. లంక గ్రామాల్లో ఉన్నవాళ్లకు రేవు దాటడానికే బోలెడు టైం పోతుంది కాబట్టి, కాసేపు చూద్దాంలే అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేసి బయల్దేరండి.